పక్కింటి ఫిర్యాదు

“అమ్మా, గొళ్ళెం తియ్యి! ఇదేం పంతం?”

కొడుకు తలుపు బాదుతూనే ఉన్నాడు. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు. పెరటి గదిలో అత్తగారు, అత్తగారి ఒళ్ళో ఇంటి అమ్మకం కాగితాలు, తలుపుకి లోపలి నుంచి గొళ్ళెం. ఇందాకటిదాకా హాల్లో కూర్చుని నవ్వుతూ జవాబులు చెప్పిన మనిషి, ఉన్నట్టుండి ఆ కాగితాలు లాక్కుని, పెరట్లోకి నడిచి, తలుపేసుకుంది.

హాల్లో ఇళ్ళ ఏజెంటు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఆయనకిచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది.

“ఒక్క సంతకం పడితే చాలండీ,” అన్నాడు కోడలితో. “కొనేవాళ్ళు మధ్యాహ్నం వస్తున్నారు. ఈ కాగితం చూస్తే గానీ అడ్వాన్సు ఇవ్వరు. వాళ్ళు ఇస్తే గానీ మీ షాపు...”

“తెలుసండీ,” అంది కోడలు.

తెలియకపోవడమేం! మెయిన్ రోడ్డు మీద పెద్ద షట్టరున్న షాపు, పైన కాపురానికి వాటా. షాపు యజమాని సాయంత్రం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత ఎవరు ముందడిగితే వాళ్ళదే. కోడలిది సోఫాలకీ కుర్చీలకీ కొత్త గుడ్డ వేసే పని. కాపురానికొచ్చిన కొత్తలో మొదలుపెట్టిన పని ఇవాళ ఊరంతా పాకింది. కానీ ఏం లాభం, ఇంటి పక్క సందులో పెద్ద సోఫా పట్టదు. మొన్నొక హోటలు వాళ్ళ సోఫాని నిలబెట్టి చూశారు, పడుకోబెట్టి చూశారు, చివరికి నలుగురు మనుషులు గోడ మీంచి ఎత్తి దించారు. ఆ రోజే అత్తగారంది, “ఇల్లు అమ్మేసి షాపు కొందామే. సోఫా పట్టని ఇల్లు మనకెందుకు?” అని.

ఇల్లు ఆవిడ పేరనే ఉంది. అమ్ముదామన్నది ఆవిడే. ఇప్పుడు తలుపేసుకున్నదీ ఆవిడే. ఇక ఎవరికని చెప్పుకుంటారు?

“మీరేమన్నా అన్నారా ఆవిణ్ణి?” కోడలు భర్తని అడిగింది.

“నేనేమంటానే? నువ్వూ అక్కడే ఉన్నావుగా. నవ్వుకుంటూనే కదా నింపుతున్నాం!”

నిజమే, పొద్దుట్నించీ నవ్వులే. ఇల్లు అమ్మేవాళ్ళు ఆ ఇంటి గురించి తమకు తెలిసిన మంచీ చెడూ అంతా రాసి, కింద సంతకం పెట్టి, కొనేవాళ్ళ చేతికివ్వాలి. దాచారో, రేపు కోర్టు మెట్లెక్కాలి. ఏజెంటు ప్రశ్నలు చదివాడు, అత్తగారు చెప్పింది, కొడుకు రాశాడు.

“పైకప్పు కారుతుందా అమ్మగారూ?”

“వాన పడితే తప్ప ఎప్పుడూ కారదు నాయనా.”

“చెదలు?”

“మా ఆయన పుస్తకాల బీరువా మొత్తం నమిలి వెళ్ళిపోయాయి. పాపం, చదువెక్కువైనట్టుంది. మళ్ళీ రాలేదు.”

“ఇబ్బంది పెట్టే శబ్దాలేమైనా ఉన్నాయా ఇంట్లో?”

“మా అమ్మ,” అన్నాడు కొడుకు. అత్తగారు కళ్ళజోడు డబ్బాతో వాడి నెత్తిన ఒక్కటిచ్చింది.

పెరటి గది దగ్గరకొచ్చేసరికి ఏజెంటు గొంతు తగ్గించాడు. ఆ గదికి అనుమతి లేదు. మామగారు బతికున్న రోజుల్లో కోడలి పని కోసం హడావుడిగా లేపిన గది అది. ఇంటి ప్లానులో అక్కడ ఖాళీ పెరడే కనబడుతుంది.

“అనుమతి లేదని రాసెయ్యండి, దాచొద్దు,” అన్నాడు. “కొనేవాళ్ళు దానికి సిద్ధపడే వస్తున్నారు. తర్వాత అర్జీ పెట్టి అనుమతి తెచ్చుకుంటారు. ఇరుగుపొరుగు వాళ్ళు ఎప్పుడైనా ఈ గది మీద ఫిర్యాదు చేశారా అన్నదొక్కటే వాళ్ళ బెంగ. గోడ అవతలి వాళ్ళు అడ్డుపడితే ఇంక అనుమతి రానట్టే.”

“ఎవరూ చెయ్యలేదండీ,” అంటూ కొడుకు ‘లేదు’ అని రాయబోయాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు కాగితాలు లాక్కుంది.

“మీరు హాల్లోకెళ్ళి ఆయనకి ఇంకో టీ పెట్టండి,” అంది కోడలు భర్తతో. “నేను మాట్లాడతాను.”

“నీ మాట వింటుందా?”

“వినదు. తలుపు మాత్రం తీస్తుంది.”

భర్త వెళ్ళాక కోడలు తలుపు దగ్గర వంగి, “అత్తయ్యా, నా సుత్తి లోపలుండిపోయింది. కుర్చీ ఇవాళ ఇస్తానన్నాను,” అంది.

గొళ్ళెం కదిలింది. కోడలి పని ఆగిందంటే అత్తగారు తట్టుకోలేదు. అది ఇంట్లో అందరికీ తెలిసిందే.

లోపల సగం ఊడదీసిన కుర్చీ పక్కన అత్తగారు స్టూలు మీద కూర్చుంది. కాగితాలు ఒళ్ళో ఉన్నాయి. కళ్ళజోడు నెత్తి మీదకెక్కింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

“ఇల్లు అమ్మడం ఇష్టం లేదా అత్తయ్యా?”

“ఎవరే అంది?”

“మరి?”

“ఫిర్యాదు లేదు అంటే ఏమిటే అర్థం? మన వల్ల ఎవరికీ కష్టం కలగలేదనేగా? చదివినవాళ్ళు అట్లాగేగా అనుకుంటారు?”

అత్తగారు గోడ వైపు చూస్తూ చెప్పుకుపోయింది.

“ఈ గోడ లేస్తుంటే, నువ్వు పుట్టింటికి వెళ్ళిన రోజు, మందులషాపావిడ మన గుమ్మంలోకొచ్చింది. ‘వదినా, కాస్త ఎత్తు తగ్గించు, నా వంటింటి కిటికీ మూసుకుపోతోంది’ అంది. ఎంత మర్యాదగా అడిగిందనుకున్నావు! నేను మాత్రం, ‘నా స్థలం, నా గోడ, నా ఇష్టం’ అన్నాను. మీ మామయ్య పక్కనే ఉన్నారు. ఒక్క మాట అనలేదు, తల దించుకున్నారంతే. ఆ రోజుతో ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటలు పోయాయి.”

పక్కింటావిడ మందులషాపు అమ్మేసి చాలా కాలమైంది, పేరు మాత్రం అంటుకుపోయింది. మాటల్లేవన్న సంగతి కోడలికి తెలుసు. ఆవిడకి పొగరని అందరూ అనుకునేదీ తెలుసు. కారణమేమిటో ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. తనూ అడగలేదు.

“ఆవిడ మునిసిపల్ ఆఫీసుకెళ్ళి ఒక్క అర్జీ పడేసుంటే ఈ గది ఉండేదా? గేటు చప్పుడైతే చాలు, గుండె ఝల్లుమనేది నాకు. కూల్చేవాళ్ళు వచ్చారేమో అని. ఎవరూ రాలేదు. ఎందుకు రాలేదంటావు? ఆవిడ నోరు మూసుకుంది గనక. ఆవిడ పళ్ళబిగువున ఊరుకుంటే, మనం దాన్ని ‘లేదు’ అని రాసుకుని ఇల్లు అమ్ముకుంటామా?”

కోడలు తలెత్తి చూసింది. గోడ పైన చిన్న వెంటిలేటరు, అందులోంచి పసుప్పచ్చని వెలుతురు. పక్కింటి వంటింటి లైటు అది. పట్టపగలు రోజూ వెలుగుతూనే ఉంటుంది. మేకులు కొడుతూ ఆ లైటుని చూసి ఎన్నిసార్లు నవ్వుకుందో. ‘మందులషాపావిడ కరెంటు వాళ్ళని పోషిస్తోందండీ’ అని భర్తతో హాస్యాలాడింది కూడా. పగలు లైటు ఎవరైనా ఎందుకు వేసుకుంటారు? ఇంట్లో చీకటిగా ఉంటే వేసుకుంటారు. ఇన్నాళ్ళూ తను వీపు ఆనించి కూర్చున్న గోడే ఆ చీకటి. అది తట్టేసరికి కోడలికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ఇప్పుడేమంటావమ్మా అయితే?” అంటూ భర్త టీ గ్లాసుతో సహా గుమ్మంలోకొచ్చాడు. అంతా విన్నట్టే ఉన్నాడు.

“వెళ్ళి ఆవిణ్ణి అడుగుతాను. ఆవిడ ఏం చెబితే అదే రాస్తాను.”

“తేనెతుట్టె కదుపుతావా! ఇన్నేళ్ళు ఊరుకున్న మనిషి ఇవాళ ‘అవును, ఉంది’ అంటే? కొనేవాళ్ళు వచ్చిన దారినే పోతారు. షాపు పోతుంది!”

“పోతే పోనీ.”

“పోతే పోనీయా! పోయేది నీదా? దాని షాపు! ఎన్నేళ్ళుగా నడుం విరగ్గొట్టుకుంటోందమ్మా అది! నీ మనసు కుదుటపడాలని దాని నోటి దగ్గర కూడు లాగేస్తావా?”

అత్తగారి మొహం పాలిపోయింది. గొడవ విని ఏజెంటూ పెరట్లోకొచ్చాడు.

“అమ్మగారూ, నా మాట వినండి. రాతలో ఎవరూ ఫిర్యాదు ఇవ్వలేదు. కనక లేదు. అబద్ధమేం కాదు. చట్టం అడిగేది అంతే.”

“చట్టం అడిగినదానికి నేనూ జవాబు చెప్పగలను నాయనా. ఆవిడ అడిగినదానికే చెప్పలేకపోయాను.”

అంతలో గోడ అవతల ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు ఇక్కడే కట్టేసినంత స్పష్టంగా వినబడింది. అటు చప్పుడు ఇటు వినబడితే, ఇటు అరుపులు అటు వినబడవా? ఆ సంగతి అందరికీ ఒక్కసారే తట్టింది. ఏజెంటు నాలిక్కరుచుకున్నాడు.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. ఈసారి గొంతు బాగా తగ్గించి చెప్పింది.

“వాడన్నది నిజమే. పోతే నీ షాపే పోతుంది. నువ్వు వద్దను, ఇక్కడే, ఇప్పుడే సంతకం పెట్టేస్తాను. నిన్నొక్క మాట అంటే నన్నడుగు. చెప్పవే.”

కోడలికి షాపు కళ్ళ ముందు కదిలింది. గుడ్డ కత్తిరించే బల్ల ఎక్కడెయ్యాలో, స్పాంజి ఎక్కడ పేర్చాలో అన్నీ కొలుచుకుని వచ్చింది. బోర్డుకి రంగు కూడా అనుకుంది. ‘పెట్టెయ్యండి అత్తయ్యా’ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎవరు తప్పంటారు? ఏజెంటే కాదంటున్నాడుగా.

కానీ చెయ్యి అలవాటుగా గోడకి ఆనింది. పిల్లల చదువులు ఈ గదిలోంచే నడిచాయి. మామగారు మంచాన పడ్డప్పటి ఖర్చులు ఈ గదిలోంచే వెళ్ళాయి. ఈ గదే లేకపోతే తన సుత్తి ఎప్పుడో తుప్పు పట్టేది. ఇంతా ఇచ్చిన గది, ఒక మనిషి నోరు విప్పితే కూలిపోయేది. ఆ మనిషి విప్పలేదు. ఒక్క రోజైనా ఆవిడ వైపు చూసి నవ్వలేదు తను.

నడుముకి కట్టుకున్న పనిగుడ్డ విప్పి కుర్చీ మీద వేసింది.

“పదండి అత్తయ్యా. నేనూ వస్తాను.”

“నీకేమన్నా మతిపోయిందా?” అన్నాడు భర్త.

“అన్నం పెట్టిన చెయ్యండీ అది. గోడకి అటువైపు ఉండి ఇన్నాళ్ళూ మనకి కనబడలేదు, అంతే.”

భర్త చేతిలో టీ ఎవరికిచ్చేదీ తెలియక తనే తాగేశాడు.

అత్తగారు లేచి జుట్టు సవరించుకుంది. “ఉత్త చేతులతో వెళ్దామంటావా?”

“కాగితం ఉందిగా అత్తయ్యా చేతిలో.”

“నీ ఎటకారం తగలెయ్య,” అంది అత్తగారు. ఆ గదిలోకొచ్చాక ఆవిడ మొహంలో మొదటిసారి కాస్త నవ్వు కనబడింది.

పక్కింటి గేటు దాకా వెళ్ళడానికి ఎంతసేపు! అయినా అత్తగారు దారిలో రెండుసార్లు ఆగింది. గేటు గడియ ఇదివరకు పైకెత్తితే వచ్చేది, ఇప్పుడు పక్కకి లాగాలి. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో కూడా వాళ్ళకి తెలియదు. ఇద్దరూ గడియతో కుస్తీ పడుతుంటే లోపలి నుంచి ఇంటి తలుపు తెరుచుకుంది.

మందులషాపావిడ గుమ్మంలో నిలబడింది. జుట్టంతా నెరిసిపోయింది గానీ నడుం మాత్రం నిటారుగానే ఉంది.

“గోడలకి చెవులుంటాయంటారు. మీ ఇంటి గోడకి నేనే చెవిని,” అంది. “అంతా విన్నాను. రండి లోపలికి.”

తిన్నగా వంటింట్లోకే తీసుకెళ్ళింది. లైటు వెలుగుతోంది. బల్ల, రెండు కుర్చీలు. అందులో ఒక కుర్చీ సీటు చిరిగి, లోపలి స్పాంజి బయటికి తొంగిచూస్తోంది. కిటికీ రెక్కలు తెరిచే ఉన్నాయి. వాటికి చేతికందేంత దూరంలో సిమెంటు గోడ.

అత్తగారు కూర్చోలేదు. కిటికీ అవతల ఉన్న తన గోడనే చూసింది.

“ఆ లైటు ఒక్కసారి ఆర్పుతారా?” అంది చివరికి.

ఆవిడ ఆర్పింది.

బయట ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఇక్కడ మాత్రం సందెచీకటి. సింకులో గిన్నెలు నల్లగా ముద్దలా కలిసిపోయాయి. ఆవిడ మొహం కూడా సరిగ్గా ఆనలేదు.

“అయ్యో వదినా!” అంది అత్తగారు.

మాటలు పోయిన రోజుతో పాటే పోయిన పిలుపు అది.

“ఇట్లాగేనా ఇన్నేళ్ళూ? ఎందుకు ఊరుకున్నావు? నా జుట్టు పట్టుకుని ఈడ్చకపోయావా?”

“ఊరుకుందామని అనుకోలేదు. అర్జీ పెట్టడానికి బయల్దేరాను కూడా,” అంది ఆవిడ. “అప్పటికి మీ గదికి గోడలు లేచాయి గానీ కప్పు పడలేదు. కుండపోత వాన. గొడుగేసుకుని గేటు దాకా వచ్చి మీ పక్క సందులోంచి పెరట్లోకి చూశాను. ఈ పిల్ల టార్పాలిన్ పరదా కింద ముడుచుకుని కూర్చుని మేకులు కొడుతోంది. నీళ్ళు వీపు మీద కారుతున్నాయి. అది మాత్రం తను కప్పుకున్న దుప్పటి తీసి, ఎవరిదో కుర్చీ, దానికి కప్పుతోంది. ఆ గది కూలిస్తే దీనికి ఆ పరదాయేగా గతి అనుకున్నాను. వెనక్కొచ్చి గొడుగు మూసేశాను.”

కాస్త ఆగి, “నీ మీద ప్రేమతో అనుకునేవు. నీ మీద ఇప్పటికీ మండుతూనే ఉంది నాకు,” అంది.

కోడలికి ఆ వాన గుర్తుంది. ఆ కుర్చీ గుర్తుంది. తనని ఎవరో చూశారన్నది మాత్రం తెలియదు. ఇంత మేలు చేసిన మనిషికి ఏమని చెబుతారు? థాంక్స్ అంటారా? వంగి, ఆ చిరిగిన సీటుని చేత్తో తడిమింది.

“పిన్నిగారూ, ఈ కుర్చీ నాకివ్వండి. నేను చేసిస్తాను. గోడ అవతలే ఉన్నాను కదండీ... ఒక్క కేక వేస్తే వచ్చేదాన్ని కదండీ...” అంతకన్నా చెప్పలేక ఏడ్చేసింది.

“మొహం చెల్లలేదమ్మా,” అంది ఆవిడ. “ఏడవకు, ఊరుకో. టకటక కొడుతుంటే వినడమే బాగుండేది. ఇంట్లో మనిషి అలికిడి ఉన్నట్టుండేది నాకు.”

అత్తగారు ముక్కు చీది, కాగితాలు బల్ల మీద పరిచింది. కలం కోడలి చేతిలో పెట్టింది.

“రాయవే. ‘ఉంది’ అని రాయి. కిటికీ మూసేశాం, వెలుతురు పోగొట్టాం, అడిగితే నోటికొచ్చినట్టు మాట్లాడాం. అంతా రాయి.”

“రాయొద్దు,” అంది మందులషాపావిడ. “‘లేదు’ అనే రాయి. నేనెవరికీ ఫిర్యాదు చెయ్యలేదు.”

“ఇల్లు నాది, సంతకం నాది!”

“వంటిల్లు నాది, చీకటి నాది! దాన్ని ఫిర్యాదు అనాలో వద్దో నా ఇష్టం!”

“నీ మొండితనం పోలేదే వదినా!”

“నీ నోరు మాత్రం తగ్గిందా?”

ఇద్దరూ బల్లకి చెరోవైపు నిలబడి ఊగిపోతున్నారు. ఇన్నేళ్ళ తర్వాత పోట్లాట దొరికిన సంతోషం ఇద్దరి మొహాల్లోనూ కనబడుతూనే ఉంది. మధ్యలో కోడలు కలం పట్టుకుని, అటు చూడాలో ఇటు చూడాలో తెలియక నిలబడింది. ‘లేదు’ అంటే షాపు. ‘ఉంది’ అంటే...

వీధి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

“ఇటు కాదండీ, ముందు ఇల్లు చూద్దాం రండి,” అని ఏజెంటు బతిమాలుతున్న గొంతు వినబడింది. ఆ వెనకే భర్త గొంతు. వాళ్ళిద్దరినీ దాటుకుని ఒకావిడ వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. చంకలో పసిపాప ఉంది. ఇల్లు కొనబోయేది ఈవిడే.

“ఏమనుకోకండి, కాస్త ముందే వచ్చేశాం. పక్కవాళ్ళని కూడా ఒకసారి చూసినట్టుంటుందని...” అంటూ లోపలికి అడుగుపెట్టి, కళ్ళు చికిలించింది. “అదేమిటండీ, పట్టపగలు మీ వంటిల్లు ఇంత చీకటిగా ఉంది?”

ఆవిడ వెనక నుంచి ఏజెంటు, చెప్పొద్దు చెప్పొద్దన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు. భర్త కళ్ళు మూసుకున్నాడు. మందులషాపావిడ చెయ్యి గబుక్కున స్విచ్చి మీదకి వెళ్ళింది.

కోడలు ఆ చెయ్యి పట్టుకుంది.

“ఉండనివ్వండి పిన్నిగారూ,” అంది.

బాగున్న కుర్చీ ఒకటి లాగి పసిపాప తల్లి ముందు వేసింది. చిరిగిన కుర్చీలో తను కూర్చుంది.

“కూర్చోండమ్మా, చెబుతాను,” అంది.